మైనం వేడి మీదుండగా

నలభై రోజుల తర్వాత ఆస్పత్రి నుంచి వచ్చి
మొదట అడిగింది తన సన్న ఉలి గురించి.
తర్వాత, పెరట్లో ఆరేసిన పనస దుంగని
వానకి ఒగ్గీసినారా అని.
మాట తిన్నగానే ఉంది.
లెక్కలున్నాయి, నా పేరుంది,
మాకు బాకీ ఉన్నోళ్ల పేర్లన్నీ ఉన్నాయి.
తవిటయ్య మేస్త్రి దక్కేడని
గొల్లపల్లి ఊపిరి తీసుకుంది.

రామభద్రపురం రోడ్డు మీద
చెరకు ట్రాక్టరు తోక తగిలింది, కుడి చెవికి పైన.
విశాఖలో డాక్టరమ్మ ఫిల్ము వెలుగులో పెట్టి
"మచ్చ బియ్యపు గింజంతేనమ్మా" అంది.
గింజంతే కదా అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే
గోడకున్న వీణ దింపి ఒక తీగ మీటాడు.
మళ్లీ మీటాడు.
చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.
"ఎవులు పాడుసేసినారు దీన్ని?"
ఎవరూ ముట్టలేదు.
పక్కింటి వీణ తెచ్చాం, అదీ అంతే.
రేడియో పెడితే "కట్టీయ్" అన్నాడు.
ఏటి వినిపిస్తోంది అంటే
చాలాసేపు మాట వెతుక్కుని
"అంట్లు తోముతున్నారు" అన్నాడు.

మా గుంటలిద్దర్నీ నిద్రపుచ్చిన జోల
ఆ రాత్రి పాడి చూశాను.
అయ్యాక అడిగాడు:
"ఎవుల్తోటి అలగ కసురుకుంతన్నావు?"

నేను పిలిస్తే పలుకుతాడు.
పాడితే, ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చూస్తాడు.
మాటకొక గది, పాటకొక గదిట తలకాయలో.
ఒంటిగది ఇంట్లో కాపురం చేసినవాళ్లం,
ఇన్ని గదులు అక్కడెందుకు కట్టాడో దేవుడు.

గోడకి ఏడు వీణలు.
ఏడు యాళి మొహాలు పళ్లు బయటపెట్టి.
ఒక్కదానికీ మెట్లు లేవు.
బయానా సొమ్ము ఎప్పుడో బియ్యమైపోయింది.
తోడల్లుడొచ్చి "మేళం నేను కట్టీనా?" అన్నాడు.
ఈయన బదులు చెప్పలేదు,
ఉలి నూరుకుంటూ కూర్చున్నాడు,
అరిగిపోయేదాకా.

దసరా ముందు ఒక రాత్రి
దండి మీద బొటనవేలు ఆనించి
రెండు తీగలు ఒక్కసారి మీటడం చూశాను.
కలవని తీగలు కొట్టుకుంటాయిట,
చెక్కలో పిట్ట గుండెలాగ.
కలిసిన క్షణం పిట్ట నిమ్మళిస్తుందిట.
చెవికి అందనిది వేలికి అందింది.
జత తీగ ఉన్న మెట్లు అలాగే పట్టాడు,
చెమట కారుతూ, పళ్లు బిగించి.

జత లేని మెట్ల దగ్గర ఆగిపోయాడు.
మైనం చల్లారిపోతోంది.
"నువ్వు సెప్పు."

ఇరవై రెండేళ్లు మైనం కరిగించాను,
మసి నూరి కలిపాను, పొయ్యి ఊదాను.
మేళం కట్టేటప్పుడు తలుపవతలే ఉన్నాను,
గాజులు చప్పుడు చెయ్యకూడదని.
తలుపవతల నుంచి ఎన్ని వందల వీణలు విన్నానో
ఆయనకి తెలీదు. నాకూ
ఆ రాత్రి దాకా తెలీదు.

"నాలుగోది, ఇంకాస్త మీదకి."
జరిపాడు.
"అంత కాదు. నువ్వుగింజంత కిందకి."
జరిపాడు.
తనకి వినపడని దాన్ని నా మొహంలో చూసుకుంటూ
ఇత్తడి మెట్టుని మైనంలోకి నొక్కాడు.
పదకొండోదాని దగ్గర పోట్లాడుకున్నాం కూడా.
తెల్లారేసరికి ఇరవై నాలుగూ నిలబడ్డాయి,
కొన్ని ఆయనవి, కొన్ని నావి,
ఏవి ఎవరివో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

విజయనగరం నుంచి సంగీతం మేష్టారొచ్చి
మా అరుగు మీదే వాయించి చూశారు.
కళ్లు మూసుకున్నారు. తల ఊపారు.
వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడింది.
ఈయన మాత్రం స్తంభానికి ఆనుకుని
మేష్టారి వేళ్లు చూస్తున్నాడు,
పొరుగూరి భాషలో సొంత పెళ్లి మంత్రాలు వింటున్నట్టు.

కాసేపటికి నా వైపు వంగి
మెల్లగా అడిగాడు:
"అయిపోయిందేటి తోమడం?"

"ఇంకో రెండు బిందెలున్నాయి,
ఉండు" అన్నాను.